ఆఖరి మూడు బంతులు

మా ఫుట్‌బాల్ క్లబ్బు డ్రెస్సింగ్ రూము తలుపుకి లోపలివైపు టీము కాగితం అంటిస్తారు. మ్యాచ్‌కి ముందురోజు, ప్రాక్టీసు అయ్యాక, సరిగ్గా పన్నెండు గంటలకి. పేర్లుండవు, జెర్సీ నంబర్లే. పదకొండు అంకెలు ఒకదాని కింద ఒకటి. అన్నిటికన్నా పైన ఉండేది గోల్‌కీపర్ నంబరు. తొమ్మిదేళ్ళపాటు ఆ చోట ‘1’ ఉండేది. అది నేను. తొమ్మిదేళ్ళలో ఆ కాగితాన్ని నేను ఒక్కసారి కూడా సరిగ్గా చదవలేదు. తన ఇంటి గుమ్మం మీద నంబరు ఎవడు చదువుకుంటాడు?

ఈ ఏడాది చదవడం నేర్చుకున్నాను. ఎందుకంటే ఆ చోట ఇప్పుడు కొన్నిసార్లు ‘13’ ఉంటోంది. పదమూడు అంటే ఎవరో పరాయివాడైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. పదమూడు మా బావ. నా చెల్లెలి మొగుడు.

పైగా అతన్ని ఈ క్లబ్బుకి తెచ్చింది నేనే. ఎక్కడో కింది డివిజన్‌లో ఆడుకుంటుంటే, ‘చేతులు మంచివి, రెండో కీపరుగా పనికొస్తాడు’ అని చెప్పింది నేను. కొత్త చోటు, ఎవరూ తెలియదు కదా అని జాలిపడి ఇంటికి భోజనానికి పిలిచింది నేను. ఆ భోజనాల్లో మా చెల్లి అతనికి అడక్కుండానే నీళ్ళ గ్లాసు అందించడం చూసి ముసిముసిగా నవ్వుకున్నదీ నేనే. ఏరికోరి నెత్తిన పెట్టుకున్నాను. దించడం మాత్రం నా చేతిలో లేకుండా పోయింది.

మూడేళ్ళపాటు ఏ గొడవా లేదు. నేను ఆడేవాణ్ణి, అతను బెంచీ మీద కూర్చునేవాడు. ఈ ఏడాది కొత్త కోచ్ వచ్చాడు. ముక్కు మీద కళ్ళద్దాలు, చేతిలో ఎప్పుడూ ఒక అట్ట, దానికి క్లిప్పు పెట్టిన కాగితాలు. వచ్చిన వారానికే అందరం ఆయన్ని ‘పంతులు’ అనడం మొదలుపెట్టాం. పంతులు సిద్ధాంతం ఒకటే, ఎవరి చోటూ శాశ్వతం కాదు. అందరూ వంతులవారీగా ఆడాలి, అందరూ తాజాగా ఉండాలి. పరుగెత్తేవాళ్ళకి అది బాగానే ఉంటుంది, కాళ్ళకి విశ్రాంతి కావాలి. ఆయన దాన్ని తెచ్చి గోల్‌కీపర్లకి కూడా తగిలించాడు. రెండు మ్యాచ్‌లు నావి, రెండు బావవి.

“గోల్‌కీపరు పనేమన్నా వాచ్‌మన్ షిఫ్టా సార్, ఒకడు దిగితే ఒకడు ఎక్కడానికి?” అని మీటింగులో అందరి ముందూ అడిగాను. పంతులు తల ఎత్తకుండా అట్ట మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడో ఇప్పటికీ తెలియదు, మంచి మాట మాత్రం అయ్యుండదు.

మీకు ఒక సంగతి చెప్పాలి. గోల్‌కీపరు కాళ్ళతో అలిసిపోడు, ఆలోచనతో అలిసిపోతాడు. వారం వారం ఆడేవాడు ఆలోచించడు. బంతి వస్తుంది, చేతులు వెళతాయి. రెండు వారాలు కూర్చుని లేచినవాడు మాత్రం బంతి వచ్చే దారిలోనే లెక్కలు మొదలుపెడతాడు. ఇది వదిలేస్తే ఏమంటారు, ముందుకెళ్ళాలా, ఆగాలా, బావ అయితే పట్టేవాడా? ఆ లెక్క తేలేలోపు బంతి వెళ్ళి వలలో కూర్చుంటుంది. అయిదో మ్యాచ్‌లో ఒక బంతి నా రెండు కాళ్ళ మధ్యలోంచి పోయింది. నేలబారుగా, నెమ్మదిగా, నన్ను పలకరించి మరీ పోయింది. ముప్ఫై నాలుగేళ్ళవాణ్ణి, ఆ రోజు స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

బావకి అదే వంతు అచ్చొచ్చింది. ఆడిన ప్రతిసారీ ఒక అంగుళం పెరిగినట్టుండేవాడు. అంతకుముందు నోరు తెరవని మనిషి, డిఫెండర్ల మీద అరవడం నేర్చుకున్నాడు. ఒకసారి గాల్లోకి లేచి వేలికొసలతో బంతిని గోల్ బారు మీదుగా తోసేశాడు. స్టేడియం అంతా లేచి నిలబడింది. నేనూ లేచాను, చప్పట్లు కొట్టాను, కొడుతూనే ‘అయిపోయింది, ఇక నా పని గోవిందా’ అనుకున్నాను.

దాన్ని కుళ్ళు అంటారని నాకు తెలుసు. వేరే మంచి పేరు పెట్టాలని చాలా ప్రయత్నించాను, దొరకలేదు. బెంచీ మీద కూర్చుంటే అవతలివాళ్ళు కొట్టే ప్రతి షాటుకీ బూట్లలో నా కాలివేళ్ళు ముడుచుకునేవి. అది గోల్ కావాలనే. మా టీము మీదే, మా చెల్లి మొగుడి మీదే. చెల్లి ఎప్పుడూ మూడో వరసలో కూర్చుంటుంది, నీడ ఉండే వైపు. నా కోసం ‘అన్నయ్యా’ అని గొంతు చించుకున్న పిల్ల, అతను ఆడేటప్పుడు అరవదు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఊపిరి బిగబట్టి చూస్తుంది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండేది. నా విషయంలో ఎప్పుడైనా అంత భయపడిందా?

అమ్మ సంగతి సరేసరి. ఆమెకి ఒక పద్ధతి ఉంది. మర్నాడు ఆడబోయేవాడికి ముందు వడ్డిస్తుంది. తొమ్మిదేళ్ళు ఆ మొదటి గరిటె నాదే. ఇప్పుడు భోజనానికి కూర్చుంటే ఆమె గరిటె ఏ కంచం వైపు వెళుతుందో చూసి తలుపు మీది కాగితం సంగతి చెప్పొచ్చు.

ఇక ఆఖరి మూడు బంతుల సంగతి. ఇది మా కీపర్ల ప్రపంచంలో తప్ప బయట ఎవరికీ పెద్దగా పట్టదు. మ్యాచ్‌కి ముందు ఆడబోయే కీపరుని వేడెక్కించేది బెంచీ మీద కూర్చోబోయే కీపరే. నేలబారువి కొన్ని, ఎత్తువి కొన్ని, పక్కలకి దూకి పట్టేవి కొన్ని, ఎంత గట్టిగా కొట్టినా తప్పులేదు. కానీ ఆఖరి మూడూ మాత్రం మెత్తగా, సూటిగా గుండెల మీదికి వేయాలి. కీపరు వాటిని పట్టుకుని, బంతిని రెండు చేతులా అదుముకుని లోపలికి వెళ్ళిపోవాలి. చేతుల్లో బంతి నిలిచిన గుర్తుతోనే అతను ఆట మొదలుపెడతాడు. మా కీపర్ల మాస్టారు, తెల్ల మీసాల పెద్దాయన, మొదటిరోజే ఇది చెబుతాడు. “అంతకుముందు వంద వదిలేసినా ఫరవాలేదు. ఆఖరి మూడూ చేతిలో పడాలి. అవి వేసేవాడు పగవాడైనా సరే, మెత్తగానే వేస్తాడు.”

ఇలా ఏడాది చివరికి వచ్చాం. ఆఖరి మ్యాచ్ డ్రా చేసుకున్నా చాలు, పై డివిజన్‌కి వెళతాం. వారం ముందు పంతులు మా ఇద్దరినీ పిలిచాడు.

“పై డివిజన్‌లో కీపర్ని మార్చను. ఒక్కడే ఉంటాడు,” అన్నాడు. “ఆ ఒక్కడెవరో ఈ మ్యాచ్ అయ్యాక చెబుతాను. రెండోవాడు ఇంకో క్లబ్బు చూసుకోవడం మంచిది.”

నేను వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. వంతు ప్రకారం ఆఖరి మ్యాచ్ నాది. ఒక్క మ్యాచ్ బాగా ఆడితే తొమ్మిదేళ్ళ చోటు మళ్ళీ నాదే. ఆ వారం ఉన్నంత హుషారుగా ఏడాదిలో ఎప్పుడూ లేను. ముందురోజు పన్నెండింటికి తలుపు దగ్గరికి వెళితే, కాగితం మీద అన్నిటికన్నా పైన ‘13’ ఉంది.

తిన్నగా పంతులు గదికి వెళ్ళాను, తలుపు కూడా తట్టలేదు.

“రేపు నా వంతు సార్.”

“తెలుసు.”

“మరి వంతులు పెట్టింది మీరేగా?”

పంతులు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “ఇప్పుడు అతని చేతుల్లో నమ్మకం ఉంది. నీ చేతుల్లో లేదు. నువ్వే చెప్పు, ఉందా?”

ఉందని అనలేకపోయాను. నా నమ్మకం అంతా లాగేసి, ముక్కలు ముక్కలుగా బావకి పంచిపెట్టి, ఇప్పుడు నీ దగ్గర లేదేం అని అడుగుతున్నాడు. చెప్పు తీసుకుని కొట్టినట్టయింది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఇంట్లో భోజనం. గరిటె బావ కంచం వైపే వెళ్ళింది.

“రేపు ఆడేది అల్లుడు కదరా,” అంది అమ్మ, నా మొహం చూసి. “ఎవరు ఆడినా మనవాళ్ళేగా, నీకెందుకురా అంత మూతి ముడుపు?”

“నాకేం మూతి ముడుపు లేదమ్మా. మూతే ఇంత.”

బావ తన కంచంలో చెయ్యి పెట్టలేదు. “బావా, పంతులు నన్ను అడిగి వేయలేదు,” అన్నాడు మెల్లగా.

“అడిగుంటే వద్దనేవాడివా?”

“అనేవాణ్ణి కాదు,” అన్నాడు.

అబద్ధమాడి ఉంటే తిట్టడానికైనా వీలుండేది. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

నేను చెప్పులు వేసుకుంటుంటే చెల్లి గేటు దాకా వచ్చింది. గేటు గొళ్ళెం పట్టుకుని అటూ ఇటూ కదిపింది. చిన్నప్పుడు నా దగ్గర ఏదైనా కావాలంటే ఇలాగే చేసేది.

“అన్నయ్యా, రేపు ఆఖరి బంతులు కాస్త చూసి వేయి.”

“ఎప్పుడూ చూడకుండా వేశానా ఏంటి?”

“అది కాదు. ఆయనకి ఆఖరి బంతి జారిందంటే ఇక ఆ రోజంతా చేతులు ఆయనవి కావు. కింది డివిజన్‌లో ఒకసారి అలా జారి ఐదు గోల్స్ తిన్నారట. నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు.” నవ్వింది. “నువ్వు వేస్తుంటే మాత్రం భయమే లేదంటారు.”

“సరే,” అన్నాను. ఆ క్షణాన నాకు ఏ దురుద్దేశమూ లేదు. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఆ ‘ఐదు గోల్స్’ చెవుల్లో తిరుగుతూనే ఉన్నాయి.

మర్నాడు మ్యాచ్ మూడున్నరకి. మేం ఎప్పుడూ వేడెక్కేది డ్రెస్సింగ్ రూము వైపు గోల్‌లో. మధ్యాహ్నం పూట అక్కడ ఎండ కీపరు వీపు మీద పడుతుంది, ఎదురుగా నిలబడి కొట్టేవాడికి కళ్ళు చికిలించాల్సి వస్తుంది. నేను చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాను. బావ గోల్ మధ్యలో అటూ ఇటూ గెంతుతున్నాడు. నేలబారువి పట్టాడు, ఎత్తువి పట్టాడు, దూకి పట్టాడు. ఏం వేసినా పడుతున్నాడు. చేతులకి జిగురు రాసుకొచ్చినట్టున్నాడు. అప్పుడే వచ్చి కూర్చుంటున్న జనం ఒక్కో బంతికీ ‘ఓ’ అంటున్నారు. చెల్లి ఇంకా రాలేదు.

“ఆఖరి మూడు,” అని మాస్టారు కేకేసి, నేల మీది ప్లాస్టిక్ కోన్లు ఏరుకోవడానికి అటు తిరిగాడు.

మొదటిది మెత్తగా వేశాను. పట్టాడు. రెండోది కూడా అంతే. మూడో బంతి కాలి దగ్గర పెట్టుకుని తల ఎత్తితే బావ నా వైపు నవ్వుతూ చేతులు గుండెల దగ్గర పెట్టుకున్నాడు, పసిపిల్లని అందుకునేవాడిలా. ఆ నిశ్చింత నేను ఓర్చుకోలేకపోయాను. నా చోట నిలబడి, నా చెల్లిని చేసుకుని, మా అమ్మ మొదటి గరిటె తిని, ఇప్పుడు నన్ను చూసి నవ్వుతున్నాడు.

బలంకొద్దీ కొట్టాను. బంతి సరిగ్గా అతని ముందు నేలకి తగిలి లేచింది. చేతులు గుండెల దగ్గరే ఉన్నాయి పాపం. మణికట్టుకి తగిలి, భుజం మీదుగా వెళ్ళి వలలో పడింది. జనంలో ఎవరో నవ్వారు.

బావ వెనక్కి తిరిగి బంతిని చూశాడు, తరవాత నన్ను చూశాడు. బంతి తెచ్చి నా వైపు దొర్లించాడు. “ఇంకోటి వేయి బావా,” అన్నాడు.

నేను ఆ బంతిని సంచిలో వేసి మూతి బిగించాను. “టైమైపోయింది,” అన్నాను. ఇంకా మూడు నిమిషాలుంది.

కొట్టడం కోపంలో జరిగిపోయిందని చెప్పుకోవచ్చు. సంచి మూతి బిగించింది మాత్రం నిదానంగా, రెండు ముళ్ళు వేసి మరీ.

ఆట మొదలైంది. మొదటి అయిదు నిమిషాల్లోనే నాకు తెలిసిపోయింది. పట్టాల్సిన బంతిని గుద్దుతున్నాడు. గుద్దాల్సినదానికి వెనకాడుతున్నాడు. డిఫెండర్ల మీద అరుపులు ఆగిపోయాయి. మధ్యమధ్యలో గ్లౌజులు విప్పి, అరచేతులు చూసుకుని, మళ్ళీ తొడుక్కుంటున్నాడు. ఇరవై రెండో నిమిషంలో కార్నర్ వచ్చింది. నిన్నటి బావ అయితే ముందుకొచ్చి గాల్లోనే అందుకునేవాడు. గీత మీదే నిలబడిపోయాడు. వాళ్ళ పొడుగువాడు తలతో కొట్టాడు, గోల్.

ఏడాదంతా కోరుకున్నది అదే. బెంచీ మీద కాలివేళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. సంతోషం వచ్చింది కూడా, రాలేదంటే అబద్ధం. తల తిప్పి మూడో వరస చూశాను. చెల్లి నోటికి అడ్డం పెట్టుకున్న చేతులు కళ్ళ మీదికి వెళ్ళాయి. ఆ తరవాత ఎంత వెతుక్కున్నా ఆ సంతోషం మళ్ళీ దొరకలేదు.

హాఫ్ టైములో పంతులు గదిలోకి వచ్చి అట్ట బల్ల మీద పడేశాడు. “ఒకటో నంబరూ, గ్లౌజులు తొడుక్కో. రెండో సగం నీది.”

అందరూ నేల చూపులు చూశారు. హాఫ్ టైములో కీపర్ని తీసేయడం అంటే ఆటగాడిని నలుగురి ముందూ నిలబెట్టి చొక్కా విప్పించడమే. బావ గ్లౌజులు విప్పాడు. నేను బయటికి పరుగెత్తాను. నా చేతులు చల్లగా ఉన్నాయి, ఉన్నది ఏడు నిమిషాలు. మాస్టారికి మోకాలి నొప్పి, ఆయన బంతి తన్నలేడు. ఎవరు వేస్తారా అని చూస్తుంటే, గదిలోంచి బంతుల సంచి భుజాన వేసుకుని బావ వస్తున్నాడు.

నేను బిగించిన ముళ్ళు పళ్ళతో లాగి విప్పాడు. నేలబారువి వేశాడు, ఎత్తువి వేశాడు, పక్కలకి వేశాడు. గట్టిగానే, కానీ నా చేతులు వెళ్ళగలిగినంత దూరానికే. మూడేళ్ళు నాకు వేసినవాడు, నా చేతులెంత దూరం వెళతాయో నాకన్నా అతనికే బాగా తెలుసు. తరవాత మూడు వేళ్ళు ఎత్తి చూపించాడు.

“గట్టిగా కొట్టు బావా,” అన్నాను.

మెత్తగా వేశాడు. ఒకటి, రెండు, మూడు. మూడూ సూటిగా వచ్చి గుండెల మీద వాలాయి. మూడో బంతిని అదుముకుని అలాగే నిలబడిపోయాను. అతను సంచి ఎత్తుకుని బెంచీ వైపు నడిచాడు.

రెండో సగంలో నాది అవతలి గోల్. ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది. అయినా చేతులు వాటంతటవే వెళ్ళాయి. ఒకటి ఎడమవైపు దూకి ఆపాను, ఒకటి పొడుగువాడి నెత్తి మీంచి లాక్కున్నాను. ఎనభయ్యో నిమిషంలో మావాళ్ళు గోల్ కొట్టారు. ఒకటి ఒకటి, డ్రా. జనం గ్రౌండులోకి వచ్చేసి నన్ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. పై నుంచి చూస్తే, బెంచీ దగ్గర బావ ఒక్కడే సీసాలు ఏరుతున్నాడు.

గదిలో పంతులు నా భుజం తట్టాడు. “వచ్చే ఏడాది ఒకటో నంబరే. మీ బావకి ఇంకో క్లబ్బు చూద్దాం. ఆఖరి రోజు చేతులు వణికినవాడు పైన నిలబడలేడు.”

నేను ‘సరే సార్’ అన్నాను. అవును, అన్నాను.

ఆ సాయంత్రం అమ్మ ఇంట్లో మొదటి గరిటె నా కంచంలో పడింది.

“సగమే ఆడానమ్మా,” అన్నాను.

“ఆ సగమే కదరా గట్టెక్కించింది. తిను.”

బావ ఎదురుగా కూర్చుని కలిపిందే కలుపుతున్నాడు. చెల్లి అతని పక్కన నిలబడి నీళ్ళు పోసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ, నా కోసం నవ్వు తెచ్చుకుంది.

“ఆఖరి బంతి జారిందట అన్నయ్యా,” అంది. “నువ్వు మెత్తగానే వేశావట. ఎండ కళ్ళలో పడి ఆయనకే కనిపించలేదట. ఏం చేస్తాం, ఆయన రాత.”

చెల్లి కూర్చునేది నీడ వైపు. ఆ గోల్‌లో ఎండ ఎటునుంచి పడుతుందో ఆమెకి తెలియదు. అది తెలిసినవాళ్ళం ఆ గదిలో ఇద్దరమే. ఒకడు తల వంచుకుని అన్నం కలుపుతున్నాడు. నేను ‘ఊ’ అంటే చాలు. నంబరు నాది, చెల్లి నాది, అమ్మ గరిటె నాది. నిజం చెబుతున్నాను, అప్పుడు కూడా నాకు కుళ్ళే వచ్చింది. ఇంత చేసినవాడి కోసం అంత అబద్ధం అంత తేలిగ్గా ఎలా ఆడగలిగాడా అని. నేను ఏడాదంతా కూర్చుని కక్కిందంతా అతను ఒక్క మాటతో తుడిచేశాడు. ఆ పని నేను చేయలేను, ఎన్ని మ్యాచ్‌లు ఆడినా చేయలేను.

“ఆ గోల్‌లో ఎండ కీపరు వీపు మీద పడుతుంది చెల్లీ,” అన్నాను.

“అంటే?”

“ఎండ నా కళ్ళలో ఉంది. మీ ఆయన కళ్ళలో కాదు. ఆ బంతి నేనే గట్టిగా కొట్టాను. కావాలనే. ఇంకోటి వేయమంటే వేయలేదు.”

అమ్మ గరిటె గాల్లో ఆగిపోయింది. బావ తల ఎత్తలేదు. “తిను బావా, చల్లారిపోతుంది,” అన్నాడు.

చెల్లి నన్ను చాలాసేపు చూసింది. నేను గోల్ తిన్న ఏ రోజూ అలా చూడలేదు.

“రేపు పంతులు దగ్గరికి వెళ్ళి చెబుతాను,” అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి, కొక్కేనికి తగిలించిన నా చొక్కా జేబులోంచి ఫోన్ తెచ్చింది.

“ఆయన నంబరు ఏ పేరుతో ఉంది?”

“పంతులు అనే ఉంది.”

నాది ఎంగిలి చెయ్యి. తనే నొక్కి, నా చెవి దగ్గర పెట్టి పట్టుకుంది. అవతల మోగుతోంది.